తట్టెత్తిచ్చుడు మాట పుట్టిన చోటు

గడిచిన వారం మన వెంకట్రాములు సారును కోడేరు బస్సు మెట్టు మీద ఒక కాలు, వనపర్తి బస్టాండు నేల మీద ఒక కాలు పెట్టించి వదిలేశాం. ఎక్కాడు లెండి. వెనక షాజియా నిలబడి "సార్, జర జరగండి, జనం ఎక్కాలె" అని తోస్తుంటే ఎక్కక ఏం చేస్తాడు?

కథ మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే వెంకట్రాములు సారు ఆరేళ్లుగా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల జనం నోట్లోని మాటలన్నీ ఏరి ఒక కోశం తయారు చేస్తున్నాడు. అచ్చు పని ‘త’ అక్షరం దాకా వచ్చింది. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న గద్వాల అమ్మాయి షాజియా తెచ్చిన కార్డుల్లో ‘తట్టెత్తిచ్చుడు’ అనే మాట ఒకటుంది. మరే నిఘంటువులోనూ లేదు, ఇక్కడ మాత్రం పదకొండు ఊళ్లలో దొరికింది. అర్థం: ఒక మనిషిని నలుగురిలో నిలబెట్టి, చిన్నబుచ్చి నవ్వడం. పుట్టుక అన్న గీత మీద షాజియా ‘కూలీల నెత్తికి మట్టి తట్ట ఎత్తడం నుంచి కావచ్చు’ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

ఆ మాట ఎవరి నోట పుట్టిందో సారుకు తెలిసినంత ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే ఆ నోరు ఆయనదే. అయినా తెలిసి తెలిసి ప్రశ్నార్థకం కొట్టేసి, ‘కావచ్చు’ కూడా కొట్టేసి, కింద సంతకం పెట్టాడు.

అక్కడితో కథ కంచికి పోయేది. కానీ సారు పెట్టిన నియమమే సారు కాళ్లకు అడ్డం పడింది. ఏ కార్డైనా సరే, ఆ మాట వాడే పెద్దవాళ్లకు చదివి వినిపించాలి. వాళ్లు ఒప్పుకుంటే సంతకమో వేలిముద్రో వేస్తారు, కాదంటే కార్డు చించెయ్యాలి. "మాటకు మనం పాలేర్లం, వాళ్లు ఆసాములు" అని ఎన్ని సభల్లో చెప్పి ఎన్ని చప్పట్లు కొట్టించుకున్నాడో! ఇప్పుడు షాజియా ఆ నియమాన్నే తెచ్చి ఆయన ముందు పెట్టింది. కోడేరు దాటాక ఒక పల్లెలో తిరుపతమ్మ అని ఒకావిడ ఉందట. ఇప్పటికి రెండు వందల నలభై మాటలు చెప్పిందట. ఈ ఒక్క మాట ఎత్తితే మాత్రం నోరు మూసేస్తుందట. "మీరొచ్చి అడిగితే చెప్తదేమో సార్" అంది షాజియా. ఆ పేరు విన్నప్పటి నుంచి సారుకు అన్నం సయించడం లేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. రోడ్డుకు ఇరువైపులా వేరుశనగ చేలు, మధ్య మధ్య నల్లటి గుండ్లు. షాజియా ఒళ్లో కార్డుల పెట్టె పెట్టుకుని అడిగింది.

"సార్, వెక్కిరింత ఉంది, ఎగతాళి ఉంది, హేళన ఉంది. ఇన్ని ఉండంగ జనం ఇంకో మాట ఎందుకు పుట్టిచ్చుకున్నరు?"

వేరే రోజైతే సారు గంటసేపు చెప్పేవాడు. ఈ రోజు కూడా అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. "వెక్కిరింతకు మొహం చాలమ్మా, మూతి తిప్పితే అయిపోతుంది. ఎగతాళికి నోరు కావాలి. హేళన చెయ్యాలంటే అవతలివాడికంటే ఒక మెట్టు పైన ఉండాలి."

"మరి తట్టెత్తిచ్చుడుకు?"

"దానికి జనం కావాలి" అన్నాడు సారు. "ఎవరిని చూసి నవ్వుతున్నారో వాళ్ల చేతనే ఆ నవ్వు పుట్టించే పని చేయించాలి. అదీ తేడా" అన్నాడు.

షాజియా వెంటనే పెన్ను తీసింది. "ఇంత బాగ చెప్పిండ్రు, కార్డు మీద రాయలేదేంది సార్?"

సారు కిటికీ వైపు తిరిగాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి ఊరికే జేబు మీదికి పోయింది. జేబులో ఏమీ లేదు, కళ్లజోడు పెట్టె తప్ప.

ఆ పల్లె పేరు మనకెందుకు గానీ, ముప్పై ఏళ్లుగా సారు ఆ దారి తొక్కలేదు. పెళ్లిళ్లకు పిలిచినా పోలేదు, చావులకు కబురొచ్చినా పోలేదు. ఇప్పుడు దిగి చూస్తే బడి రంగు మారింది, మట్టిదారి సిమెంటు దారైంది. ఆయన ఎరిగిన ముఖమొక్కటీ కనబడలేదు. ఈయన ముఖం మాత్రం ఎవరు గుర్తుపడతారు? అప్పుడు నుదుటి మీద పడే జుట్టు, ఇప్పుడు పడడానికి ఏమీ మిగల్లేదు. ఆ మాటే తనకు తాను చెప్పుకుంటూ షాజియా వెనక నడిచాడు.

తిరుపతమ్మ ఇంటి ముందు గోనెపట్టా పరుచుకుని పల్లికాయ ఒలుస్తోంది. అరవై దాటిన మనిషి. జుట్టు తెల్లబడింది గానీ వేళ్లు చురుకు. షాజియాను చూడగానే ముఖమంతా విప్పారింది.

"రా బిడ్డా, రా. మల్ల వచ్చినవా, నా నోట్లె ఇంకేమన్న మిగిలినయా?"

"మా సారు పెద్దమ్మా. నీ మాటలన్ని సదివి, నిన్ను చూడాలని వచ్చిండు."

తిరుపతమ్మ తలెత్తి చూసింది. ఒక్క క్షణం చూసిందో, రెండు క్షణాలో. సారుకు అది ఒక పూట అనిపించింది. తర్వాత ఆమె కొంగుతో అరుగు దులిపి, "కూసోండ్రి సారూ. ఎండల వడి వచ్చిండ్రు" అంది. అంతే. హమ్మయ్య, గుర్తుపట్టలేదు అనుకున్నాడు సారు. అనుకున్నందుకు తన మీద తనకే ఏవగింపు కలిగింది. ఆ ఏవగింపుతోనే ఆమె ఇచ్చిన చాయ్ తాగాడు.

షాజియా పెట్టె విప్పి ఒక్కొక్క కార్డే చదవడం మొదలుపెట్టింది. తిరుపతమ్మ కాయ ఒలుస్తూనే వింటోంది. కొన్నింటికి తల ఊపుతోంది, కొన్నింటికి ఆపుతోంది.

"బుక్కెడు: నోటికి పట్టినంత అన్నం" అని చదివింది షాజియా.

"గట్ల గాదు బిడ్డా. నోటికి పట్టినంత అయితె ఇంకేంది, కడుపు నిండినట్టే. నోట్లె పెట్టినంత అని రాయి."

షాజియా నవ్వి కొట్టేసి రాసింది. సారు ఆమెనే చూస్తున్నాడు. ఎమ్మే చదివిన తన విద్యార్థులు ఇరవై మందిని నిలబెట్టినా ఒక్కరు ఆ తేడా పట్టలేరు. కార్డు చేతికిస్తే ఆమె పెన్ను అందుకుని, మోకాలి మీద పెట్టుకుని, నాలుక కొస పళ్ల మధ్య పట్టి, ‘తిరు’ అని రాసింది. అక్కడ ఆగి, పక్కనే సిరా డబ్బీలో బొటనవేలు అద్ది ముద్ర వేసింది. ప్రతి కార్డు మీదా అంతే. రెండక్షరాలు, ఆ పక్కన వేలు.

"పేరు మొత్తం రాయవేంది పెద్దమ్మా?" అని షాజియా అడిగింది.

"గాడికే వచ్చింది బిడ్డా. తర్వాత బడికి పోలే."

సారు చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాడు. 

అడుగున ఉన్న కార్డు వంతు వచ్చింది. షాజియా దాన్ని తీసి, చదవకుండా సారుకిచ్చింది. ముందే అనుకున్న మాట అది. ఇద్దరూ కలిసి అడిగితే ముసలమ్మ చెబుతుందని ఆ పిల్ల ఆశ. సారు నిలబడి, గొంతు రెండుసార్లు సవరించుకుని, కార్డు ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. మాట చదివాడు. అర్థం చదివాడు. పుట్టుక చదివాడు. మట్టి తట్ట, కూలీల నెత్తి, అంతా.

తిరుపతమ్మ చేతిలో కాయ పగలకుండా ఆగిపోయింది.

"దీనికి నేను వేలు పెట్ట."

"ఎందుకు పెద్దమ్మా? అర్థం తప్పా?"

"అర్థం మంచిగనే ఉంది. పుట్టుడే తప్పు."

"మరి ఏడ పుట్టిందో నువ్వు చెప్పు."

తిరుపతమ్మ పట్టా మీది పొట్టంతా ఒక పక్కకు తోసింది. కోపం లేదు ఆమె గొంతులో. అదే సారుకు ఎక్కువ భయమేసింది. "నేనెందుకు చెప్పాలె? మీ సారు ఉన్నడు గద. గొంతు రెండుసార్లు గట్ల సదురుకోని హాజరు పిలుస్తుండె. వాకిట్లకు వచ్చినప్పుడు అనుమానమే. ఇప్పుడు లేసి నిలవడంగనే ఖరారైంది."

షాజియా సారు వైపు తిరిగింది. ఆ పిల్ల కళ్లలో ఇంకా అనుమానం లేదు, వింత మాత్రమే ఉంది. ఆరేళ్లుగా ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్న పిల్ల. ఆ కళ్లకు సమాధానం చెప్పడమే ఆయనకు అన్నిటికన్నా కష్టమైంది.

చెప్పాడు. చెప్పక తప్పలేదు. ఆయన ముక్కలు ముక్కలుగా, మధ్య మధ్య ఆగుతూ, సగం మాటలు మింగుతూ చెప్పాడు. మనం మాత్రం ఏమీ మింగకుండా చెప్పుకుందాం.

ముప్పై ఏళ్ల కిందట ఊరూరా పెద్దవాళ్లకు చదువు చెప్పే కేంద్రాలు పెట్టిన రోజులు. వెంకట్రాములుకు ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. ఈ పల్లె బడిలో దీపాలు పెట్టే వేళకు ముప్పై మంది ఆడవాళ్లను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించే పని దొరికింది. వాళ్లలో సగం మంది బొంబాయి వైపు, కర్ణాటక వైపు డ్యాముల పనికి పోయి వచ్చినవాళ్లే. తిరుపతమ్మ పన్నెండేళ్ల వయసు నుంచి పోతోంది. పని కాడ పొద్దున్నే మేస్త్రి హాజరు పిలుస్తాడు. పేరు పిలిస్తే ‘ఉన్న’ అంటే చాలదు. చేతిలోని సామాను పైకెత్తి చూపించి, అదేమిటో నోటితో చెప్పాలి. పార ఉన్నవాడు పార ఎత్తాలి, తట్ట ఉన్నామె తట్ట ఎత్తాలి. సామాను లేని మనిషికి ఆ రోజు పని లేదు.

మొదటి రోజు సారు హాజరు పిలిచాడు. "తిరుపతమ్మ." ఆమె లేచి నిలబడి, పలకను రెండు చేతులా నెత్తి మీదికెత్తి, "తట్టున్నది సారూ" అంది. ఇరవై ఏళ్ల అలవాటు, నోరు జారింది. బడి గొల్లుమంది. ఆమె కూడా నాలుక కరుచుకుని నవ్వింది.

అప్పటిదాకా వెంకట్రాములు ఉన్న చోట ఎవరూ అలా నవ్వి ఎరగరు. ఇంట్లో తండ్రి తిట్టేవాడు, బయట స్నేహితులు ఉద్యోగాల్లో చేరిపోయారు. ఆ నవ్వు ఆయనకు కల్లు తాగినట్టెక్కింది. మర్నాడు ఆమె మామూలుగా ‘ఉన్న సారూ’ అంటే ఊరుకున్నాడా? "ఉంటే చాలదు తిరుపతమ్మా. తట్టేదీ? ఎత్తు, చూద్దాం" అన్నాడు. మళ్లీ గొల్లుమంది. ఆ మర్నాడూ అదే, ఆ పై మర్నాడూ అదే. వారం తిరిగేసరికి ఎవరికి లెక్క రాకపోయినా "తట్టెత్తిద్దామా?" అనడం మొదలుపెట్టాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. మాట బడి గడప దాటి బావి దగ్గరికి పోయింది, బావి దగ్గర నుంచి చేలకు పోయింది, కూలీల మూటల్లో పక్క ఊళ్లకు పోయింది. నవ్వు నాలుగు విధాల చేటని మన పెద్దలు ఊరికే అనలేదు. ఏ నాలుగో వాళ్లు చెప్పలేదు గానీ, సారుకు ఆ నాలుగూ తెలిసొచ్చాయి.

ఇరవయ్యో రోజున కేంద్రం చూడడానికి పట్నం నుంచి పెద్దవాళ్లు వచ్చారు. ఆ రోజు తిరుపతమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. బోర్డు మీద తన పేరు రాసి చూపిస్తానని ముందు రోజే అడిగింది. సారు పేరు పిలిచాడు. ఆమె సుద్దముక్క పట్టుకుని లేచింది. ‘తిరు’ దాకా రాసింది. తర్వాతి అక్షరం దగ్గర ఆగింది. ఒక్క నిమిషం ఊరుకుంటే రాసేదే. వచ్చినవాళ్లు విసుక్కుంటారని సారుకు తొందర. "సరేలే, తట్టెత్తు తిరుపతమ్మా, సార్లు చూస్తారు" అన్నాడు. ఆమె పలక నెత్తి మీదికెత్తింది. పట్నం వాళ్లు కూడా నవ్వారు. ఆమె పలక కింద పెట్టి, సుద్దముక్క బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

"అంతే" అన్నాడు సారు. "ఆ మాట నాదే షాజియా. మట్టి లేదు, మేస్త్రి లేడు. పుట్టుక అన్న చోట నా పేరు రాయి."

షాజియా కార్డు ఆయన చేతిలోంచి తీసుకుంది. ఆయన సంతకం పైన ఉన్న పుట్టుక గీతను అడ్డంగా కొట్టేసింది. రాయడానికి పెన్ను ఎత్తి, రాయకుండా దించేసింది.

"సార్, పోయిన వారం మీకు ఇది తెల్సే సంతకం పెట్టిండ్రా?"

"తెలిసే పెట్టాను."

ఆ పిల్ల తల వంచుకుంది. ఆమె తిట్టినా బాగుండేదనిపించింది సారుకు. ఆయన తిరుపతమ్మ వైపు తిరిగాడు. ముప్పై ఏళ్లుగా ఆయన దాచుకున్న సాకు ఒకటుంది. రాత్రి నిద్ర పట్టనప్పుడల్లా దాన్ని తీసి కప్పుకునేవాడు. సిగ్గు విడిచి అది కూడా బయట పెట్టాడు.

"తప్పే తిరుపతమ్మా. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. కానీ మొదట్లో నువ్వూ నవ్వేదానివి. నీకూ సరదాగానే ఉందనుకున్నాను."

తిరుపతమ్మ ఒక కాయ ఒలిచి గింజ చేటలో వేసింది.

"నవ్విన సారూ. ఎందుకు నవ్వ? మేస్త్రి నవ్వితె కూలోల్లు నవ్వాలె. నవ్వకపోతె రేపు పిలవడు. మీరు నవ్విండ్రు, నేను నవ్విన. నవ్వు వచ్చి నవ్విన్ననుకున్నరా?"

ఆ సాకు అక్కడితో చినిగిపోయింది. సారు అరుగు మీద కూలబడ్డాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఏడ్చాడని రాస్తే ఏడుపుకు అవమానం, అందుకని ఊరుకుంటున్నాను.

అయినా మనిషి మనసు ఎంత టక్కరిదో చూడండి. నాలుగు నిమిషాలు గడిచేసరికి ఆయనకు గుండెలో ఒక మూల తేలికైంది. చెప్పేశాను కదా, ముప్పై ఏళ్ల ముల్లు బయటికొచ్చింది కదా, ఇక ఆమె ఏం శిక్ష వేసినా సరే అనుకున్నాడు. పుస్తకంలో పేరు పడితే పడనీ, కాలేజీలో నలుగురూ నవ్వితే నవ్వనీ. ఆ తేలికపాటు ఆయన ముఖంలో కూడా కనిపించి ఉంటుంది.

"రాసుకోండ్రి" అంది తిరుపతమ్మ. "మాట పుస్తకంల ఉండాలె. ఎవనికన్న ఎట్ల పుట్టిందో తెల్సుడు మంచిదే. దానికి నాకు కోపం లేదు సారూ. కోపం ఎన్నడో కరిగిపోయింది. వయసుల ఉంటిరి, మీకు తెల్వకపాయె."

"నువ్వు పెద్ద మనసు..." అని సారు అనబోయాడు.

"ఉండుండ్రి. నా మాట ఇంక అయిపోలే." ఆమె చేట పక్కకు పెట్టింది. "కోపం మీ మీద లేదు. మౌలాబి మీద ఉంది."

సారు ముఖంలో రంగు దిగిపోయింది. షాజియా చూడలేదు, ఆ పిల్ల కార్డు వైపే చూస్తోంది.

"మౌలాబి ఎవరు పెద్దమ్మా?" అని అడిగింది.

"నా దోస్తు. గీ వెనక గల్లీల ఇల్లు. బడిల నా పక్కనే కూసుంటుండె. నా కంటె మస్తు హుషారు, మూడు నెలల్ల ఉత్తరం రాసేటంత అయింది. డ్యాం కాడ ఇద్దరం ఒక్క గుడిసెల పండినం బిడ్డా. నాకు జ్వరమొస్తె నా తట్ట గూడ ఆమెనే మోసింది. గసుంటి మనిషి."

"మరి ఏమైంది?"

"పదిహేనేండ్ల కింద మల్ల బడి పెట్టిన్రు ముసలోల్లకు. సిగ్గిడిసి పోయిన. గీ సారి పేరన్న పూర్తిగ రాయాలె అనుకున్న. గాడ ఉన్న పిల్లగాడు పాత కాయిదం తీసి, ‘నీ పేరు పాసైనోల్లల్ల ఉంది, పరీక్ష రాసినవ్, సంతకం గూడ ఉంది’ అన్నడు. నేను రాయలే బిడ్డా అంటె నవ్విండు. ‘సదువొచ్చి రానట్టు మమ్మల్ని తట్టెత్తిస్తున్నవా పెద్దమ్మా?’ అన్నడు. అందరు నవ్విన్రు. ఇంటికొచ్చిన."

గాలికి పొట్టు లేచి వాకిట్లో చెదిరింది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

"నేను రాయని పరీక్ష ఎవరు రాసిన్రు? నా పేరు పూర్తిగ రాసేటంత సదువు ఎవరికొచ్చు? నా పక్కన కూసున్నది ఒక్కతే. పోయి అడిగిన. ‘నువ్వే రాసినవా మౌలాబి?’ అన్న. లేదన్నది. మరి ఎవరు రాసిన్రో తెల్సా అంటె నేల చూసింది. మాట్లాడలే. నా కండ్లల్లకు చూడలే. తప్పు లేనోల్లు నేల చూస్తరా? ఆ దినం నుంచి ఆమె గడప తొక్కలే. ఆమె బిడ్డ పెండ్లికి పోలే, మొగుడు చచ్చిపోతె పోలే."

 కేంద్రం మూసే ముందు పెట్టిన పరీక్ష కాగితం సారు కళ్ల ముందు నిలిచింది. ఊరు నూటికి నూరు చదువుకున్నదని ప్రకటించడానికి ఒక్క పేరు తక్కువైంది. ఆ ఒక్క పేరు కోసం, బడి చివరి బెంచీ మీద కూర్చుని, ఎడమ చేత్తో వంకర వంకర అక్షరాలు రాశాడు. కింద ‘తిరుపతమ్మ’ అని అయిదక్షరాలూ పూర్తిగా రాశాడు. తలెత్తితే గుమ్మంలో మరిచిపోయిన పలక కోసం వచ్చిన మౌలాబి నిలబడి ఉంది. అంతా చూసింది. "ఊరి పరువమ్మా, ఎవరికీ చెప్పకు, నీ పిల్లల మీద ఒట్టు" అన్నాడు. ఆమె తల ఊపి పోయింది. అంతే, ఆ సంగతి ఆయన మరిచిపోయాడు. నిజంగానే మరిచిపోయాడు. తట్ట సంగతి మనసును తొలుస్తూనే ఉంది గానీ, కాగితం సంగతి ఒక్క రాత్రయినా నిద్ర చెడగొట్టలేదు. మౌలాబి మాత్రం మరిచిపోలేదు. ఎవడో కుర్రసారు వేయించిన ఒట్టుకు కట్టుబడి, పదిహేనేళ్లు తన దోస్తు ముందు దొంగలా నేల చూసింది.

"ఇప్పుడు ఆమె ఎట్లున్నది?" షాజియా గొంతు తగ్గించి అడిగింది.

"వనపర్తి దవాఖానల ఉన్నది. నీరు వట్టిందంట. డాక్టర్లు ఇంటికి తీసుకపొమ్మన్నరంట. నిన్న బిడ్డను పంపింది, ‘ఒక్కసారి తిరుపతమ్మను రమ్మను’ అని. పొద్దుగాల మల్ల పంపింది." తిరుపతమ్మ పట్టా మీది పల్లికాయలు రెండు గుప్పిళ్లు ఒళ్లోకి తీసుకుంది, ఒక్కటీ ఒలవలేదు. "పోనన్న. సచ్చేటప్పుడన్న నిజం చెప్పు, అప్పుడొస్త అన్న. నేను మంచిగనే చేసిన్నా బిడ్డా? నువ్వు సదువుకున్న పిల్లవు, చెప్పు."

షాజియా సారు వైపు చూసింది. తిరుపతమ్మ కూడా చూసింది. పెద్దవాడు, పంతులు, ధర్మం చెప్పవలసిన మనిషి.

అటువైపు ఊరి చివర వనపర్తి పోయే బస్సు హారన్ కొట్టింది. ఇంకో పది నిమిషాలు ఆగుతుంది. దాని తర్వాత సాయంత్రం దాకా మరో బస్సు లేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. మౌలాబి చెప్పదు, పదిహేనేళ్లు చెప్పనిది ఇప్పుడూ చెప్పదు, ఆ ఒట్టును వెంటబెట్టుకునే పోతుంది. తట్ట తప్పుకు ఇందాకే క్షమాపణ దొరికింది. ఈ తప్పు బయటపడితే ఆ దొరికింది కూడా పోతుంది.

సారు లేచి నిలబడ్డాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"పో తిరుపతమ్మా. ఇప్పుడే పో. ఆ పరీక్ష మౌలాబి రాయలేదు."

తిరుపతమ్మ ఒళ్లోని పల్లికాయలన్నీ నేల మీద పడిపోయాయి. ఆమె గోడ పట్టుకుని మెల్లగా లేచింది. లేచి, ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"రాయలేదని నీకెట్ల తెల్సు సారూ?"